బొర్రా నుంచి భీమిలి దాకా ఒక బత్తాయి

బొర్రా గుహల కింద గోస్తని ఇంకా నది కాదు, గెడ్డ, అంటే కొండవాగు. బండల మీంచి దూకుతుంది, నురగలు కక్కుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడనివ్వదు. మా డిగ్రీ భూగోళశాస్త్రం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా ముందుగా ఒకటే అడుగుతాను. నీరు ఇక్కడ జోరుగా పోతోందా, కింద మైదానంలో జామి ఊరి దగ్గర జోరుగా పోతుందా? అందరి వేళ్లూ గెడ్డనే చూపిస్తాయి. ఇంత గోల చేసే నీరు నెమ్మదిగా పోతోందంటే ఎవరు నమ్ముతారు?

సాయంత్రం బస్సులో లెక్కలు వేసేసరికి ఆ జవాబు నిలబడదు. గెడ్డ సగటు వేగం వాళ్లనుకున్న దాంట్లో సగం కూడా రాదు. కింద చప్పుడు లేకుండా పారే నీరు దానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో తేలుతుంది. ఎక్కడో తప్పు చేశామని మళ్లీ కూడతారు. తప్పు కూడికలో లేదు. ఏరు కిందికి పోయేకొద్దీ ఏం మారుతుంది, ఎందుకు మారుతుంది అన్న విషయంలో చిక్కుముడి అంతా ఈ వేగం దగ్గరే ఉంది.

గోస్తనిని ఎంచుకోవడానికి కారణం దాని పొట్టితనం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, జామి, పద్మనాభం పక్కల నుంచి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 120 కిలోమీటర్లు ఉంటుందేమో. తెల్లారగట్ల బయల్దేరితే పుట్టుక నుంచి మొగ దాకా ఒక్క రోజులో చూసి రావచ్చు. గోదావరి మీద ఈ పని చేయాలంటే 1,465 కిలోమీటర్లు తిరగాలి.

పుస్తకంలో ఉన్న సంగతి చిన్నదే. కిందికి పోయేకొద్దీ ఉపనదులు కలిసి నీరు పెరుగుతుంది. దాన్ని మోయడానికి ఏరు వెడల్పవుతుంది, లోతవుతుంది. వాలు తగ్గుతుంది. అడుగున బండలు పోయి గులకరాళ్లు, అవీ పోయి ఇసుక వస్తుంది. బ్రిటన్ బళ్లలో దీన్ని బ్రాడ్‌షా నమూనా అంటారు. అక్కడ జియోగ్రఫీ తీసుకున్న పిల్లలు ఫీల్డ్‌వర్క్ చేయడం తప్పనిసరి. లండన్ దగ్గర ఉండే మన తెలుగు పిల్లలు కూడా రబ్బరు బూట్లేసుకుని ఏదో ఒక వాగులో దిగి టేపు పట్టుకుంటున్నది ఈ నమూనా కోసమే. ఈ వరసలో వేగం తప్ప మిగతావన్నీ కంటికి కనిపించేవే, పెద్దగా వాదన లేనివే.

ఇక కొలిచే పద్ధతి. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకి, నీటికి కాస్త పైన టేపు బిగిస్తాం. అది వెడల్పు. టేపు వెంబడి సమాన దూరాల్లో, అంటే వెడల్పుని బట్టి ముప్ఫై సెంటీమీటర్లకో అర మీటరుకో ఒకసారి, స్కేలు నిలబెట్టి లోతు చూస్తాం. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. స్కేలు వెడల్పు వైపుని ప్రవాహానికి ఎదురుగా పెడితే నీరు దాని మీదికి ఎగబాకుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు దొంగ లోతు వస్తుంది. నదిలో అది లెక్కలోకి రాదు గానీ, పదిహేను సెంటీమీటర్ల గెడ్డలో చాలా పెద్ద తప్పు. స్కేలు అంచుని నీటికి ఎదురు పెట్టి, వెడల్పు వైపు నుంచి చదవాలి. రెండో పొరపాటు, లోతు చూసే మనిషి ప్రవాహానికి పైన నిలబడటం. వాడి కాళ్లే ఆనకట్ట.

తర్వాత ఒక గొలుసుని అడుగుకి ఆనేలా, రాళ్ల మీంచి, సందుల్లోంచి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుస్తాం. నీరు నేలని ఎంత మేర తాకుతోందో దాని పొడవు చెబుతుంది. దీన్ని తడి చుట్టుకొలత అంటారు. పిల్లలకి ఈ గొలుసు పని అంటే విసుగు, ఎందుకు చేస్తున్నామో అప్పటికి అర్థం కాదు. చివరికి లెక్కని తిప్పేది మాత్రం ఆ గొలుసే.

వేగానికి బత్తాయి. ప్రవాహాన్ని కొలిచే మీటరు ఉంటే దాన్ని ఉపరితలం నుంచి లోతులో పదింట ఆరో వంతు కిందికి దించితే సగటు వేగం దొరుకుతుంది. అది లేనప్పుడు బత్తాయో నారింజో చాలు. దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని నెట్టుకుపోదు, పసుపు రంగు దూరానికి కనబడుతుంది, పోయినా ప్లాస్టిక్ కాదు. పది మీటర్ల దూరం గుర్తు పెట్టి, పైన వదిలి, కింద స్టాప్‌వాచ్ నొక్కాలి. మధ్యలో, గట్ల పక్కన, కనీసం అయిదారుసార్లు. పైనీరు అడుగునీటి కన్నా వడిగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణిస్తారు.

గెడ్డలో ఆ బత్తాయి ప్రయాణం చూసి తీరాలి. రెండు బండల సందులో బాణంలా దూసుకుపోతుంది. పిల్లలు కేకలేస్తారు. దిగువ మడుగులో పడి రెండు చుట్లు తిరుగుతుంది. మళ్లీ కదిలి ఒక రాయి వెనక సుడిలో ఇరుక్కుంటుంది. వాచీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇరుక్కుంది కాబట్టి ఈ పరుగు లెక్కలోకి రాదని ఒక అబ్బాయి వాచీ ఆపేశాడు ఒకసారి. వాడిని తప్పుపట్టలేం, పెద్ద పుస్తకాలు కూడా అలాంటి పరుగుని వదిలేయమనే అంటాయి. కానీ అలా ఇరుక్కున్నవన్నీ వదిలేసి దూసుకుపోయినవే రాసుకుంటే, మనం కొలిచింది గెడ్డని కాదు, గెడ్డలో రెండడుగుల జెట్టుని. నీళ్లలో ఎక్కువ భాగం ఆ సమయంలో బండల వెనక తచ్చాడుతూనే ఉంది. మన కన్ను చూసేది దూకే నీటిని, ఆగిన నీటిని కాదు.

ఆ నురగ సంగతీ అంతే. తెల్లటి నురగ వేగానికి గుర్తని అనుకుంటాం. నిజానికి నీరు తన శక్తిని పారేసుకుంటున్న చోటది. వాలు ఇచ్చిన శక్తిలో ఎక్కువ భాగం బండల్ని గుద్దుకోవడంలో, సుడులు తిరగడంలో, చప్పుడులో పోతుంది. ముందుకి పోవడానికి మిగిలేది కొంతే.

పెద్ద నది దగ్గర దీనికి తిరగబడ్డ మోసం. రాజమండ్రిలో గట్టు మీద కూర్చుంటే వరద లేని రోజుల్లో గోదావరి కదులుతున్నట్టే ఉండదు, కన్ను ఆనడానికి దగ్గర్లో ఏ గుర్తూ లేదు కాబట్టి. ఒక గుర్రపుడెక్క ముద్ద వంతెన స్తంభం పక్కన దాటేటప్పుడు చూడండి. దాంతో పాటు గట్టు మీద నడిస్తే అప్పుడు తెలుస్తుంది నీటి సంగతి.

వాలు అంత తగ్గినా కింద వేగం ఎందుకు పడిపోదు? ఐర్లండ్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ 1889లో చెప్పిన సూత్రం దీన్ని బాగా విప్పుతుంది. సాగునీటి కాలువలు కట్టే ఇంజినీర్లు ఇప్పటికీ వాడేది అదే. నీటి వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: వాలు, అడుగు గరుకుదనం, నీటి అడ్డుకోత వైశాల్యాన్ని, అంటే వెడల్పుని లోతుతో గుణిస్తే వచ్చేదాన్ని, తడి చుట్టుకొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఈ మూడోది గొలుసు పని ఫలితం. ఒక మీటరు వెడల్పు, పావు మీటరు లోతున్న కాలువ అనుకోండి. వైశాల్యం 0.25, తడి చుట్టుకొలత 1.5, భాగిస్తే 0.17. ఇరవై మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న ఏటికి వైశాల్యం 40, చుట్టుకొలత 24, భాగిస్తే 1.67. పది రెట్లు. అంటే పెద్ద ఏట్లో ప్రతి బిందెడు నీటికీ ఒరుసుకునే గట్టు, అడుగు పదో వంతే వస్తాయి. చిన్న గెడ్డలో నీళ్లన్నీ గోడకి రాసుకుంటూ నడవాల్సిందే.

ఇప్పుడు వేళ్ల మీద ఒక లెక్క. ఇవి ఫలానా చోటు కొలతలు కావు, నమూనాగా అనుకున్నవి. కొండ గెడ్డ వాలు 25కి 1, పై భాగహారంలో వచ్చే సంఖ్య 0.15 మీటర్లు, బండల అడుగు కాబట్టి గరుకుదనం 0.08. మైదానంలో నది వాలు 2,000కి 1, ఆ సంఖ్య 3 మీటర్లు, మట్టీ ఇసకా అడుగు కాబట్టి గరుకుదనం 0.03. వాలు 80 రెట్లు తగ్గింది. కానీ సూత్రంలో వాలుకి వర్గమూలమే పడుతుంది కాబట్టి వేగం తగ్గేది దాదాపు 9 రెట్లు. మూడో సంఖ్య 20 రెట్లు పెరిగింది, సూత్రంలో అది కూడా తగ్గి పడుతుంది కాబట్టి లోతు వల్ల వేగం పెరిగేది 7 రెట్లకి పైగా. నునుపు వల్ల ఇంకో 2.7 రెట్లు. రెండూ కలిపి దాదాపు 20. తొమ్మిదితో భాగిస్తే నది గెడ్డ కన్నా రెండు రెట్లకి పైగా వేగం. గెడ్డ సెకనుకి 0.7 మీటర్లు, నది 1.55. వాలు ఓడిపోయింది, లోతూ నునుపూ కలిసి గెలిచాయి.

ఈ గెలుపు ప్రతిచోటా ఇంత పెద్దది కాదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన లూనా లియోపోల్డ్, థామస్ మాడక్ 1953లో అక్కడి నదుల కొలతలన్నీ పోగేసి చూశారు. దిగువకి వేగం తగ్గుతుందన్న పాత నమ్మకం అక్కడే దెబ్బతింది. నీటి పరిమాణంతో పాటు వెడల్పు 0.5 ఘాతంలో, లోతు 0.4 ఘాతంలో, వేగం 0.1 ఘాతంలో పెరుగుతాయని తేల్చారు. ఘాతాలంటే భయపడక్కర్లేదు. దిగువకి వచ్చేసరికి నీరు 16 రెట్లయింది అనుకోండి. వెడల్పు 4 రెట్లు, లోతు 3 రెట్లు, వేగం 1.3 రెట్లు అవుతాయి. మూడూ గుణిస్తే మళ్లీ 16 వస్తుంది, రావాలి కూడా. వెడల్పు, లోతు, వేగం గుణిస్తేనే కదా సెకనుకి పారే నీరు. ఇందులో వేగం వాటా అన్నిటికన్నా చిన్నది. అందుకే పిల్లల కొలతల్లో అది తగ్గినట్టో, మారనట్టో కనిపించడానికి కాస్త పొరపాటు చాలు. వెడల్పు విషయంలో అలా పొరబడటం కష్టం.

లియోపోల్డ్, మాడక్‌లే ఇంకో లెక్క కూడా ఇచ్చారు, దాన్ని మర్చిపోతే ఫీల్డ్‌వర్క్ మొత్తం గల్లంతు. కిందికి నడవకుండా ఒకే చోట నిలబడి, వాన వచ్చి నీరు పెరగడాన్ని చూస్తే ఘాతాలు వేరు: వెడల్పుకి 0.26, లోతుకి 0.40, వేగానికి 0.34. అదే 16 రెట్ల నీరు ఒకేచోట పెరిగితే వెడల్పు రెండింతలే, వేగం మాత్రం రెండున్నర రెట్లు. గట్లు అప్పటికప్పుడు జరగవు కదా, నీరు పైకి లేస్తుంది, వడి అందుకుంటుంది. కాబట్టి బొర్రా దగ్గర సోమవారం కొలిచి, రాత్రి పెద్ద వాన పడ్డాక జామి దగ్గర మంగళవారం కొలిస్తే రెండు వేర్వేరు కథలు ఒక గ్రాఫు మీదికి ఎక్కుతాయి. వేగం భలే పెరిగిందని సంబరపడతాం, పెంచింది దూరం కాదు, రాత్రి వాన. మన దేశంలో ఇది బ్రిటన్‌లో కన్నా పెద్ద చిక్కు. అక్కడ ఏడాది పొడవునా ముసురే, ఇక్కడ నాలుగు నెలల్లో ఏడాది నీరంతా వచ్చిపోతుంది. వానలు వెనకబట్టాక, కార్తీకంలో, వరసగా నాలుగు రోజులు పొడిగా ఉన్నప్పుడు వెళ్లడం మేలు. కొండమీద వాన పడుతుంటే గెడ్డలో కాలే పెట్టకూడదు, కింద ఎండ కాస్తున్నా సరే. మోకాలి లోతు దాటితే కొలత మానేసి గట్టెక్కడమే.

ఒకేచోట నీరు పెరగడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటా వరదల్లో టీవీ కింద పరుగెత్తే అక్షరాలవే. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. రెండు చోట్లా సున్నా ఎక్కడ పెట్టారన్నది వేరు కాబట్టి 53నీ 17నీ పోల్చకూడదు. హెచ్చరికల మధ్య తేడా చూడండి: అక్కడ 10 అడుగులు, ఇక్కడ 6. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, మూడోది 17 లక్షలకి. అదనంగా వచ్చిన 7 లక్షల క్యూసెక్కుల్నీ ఆరడుగుల్లో సర్దుకుంది. మూడున్నర కిలోమీటర్ల మేర పరుచుకున్న బ్యారేజీ మీంచి పారే నీరు కాబట్టి పక్కలకి చోటుంది. భద్రాచలం నుంచి దిగిన నీరైతే కూనవరం దగ్గర శబరిని కూడా కలుపుకుని పాపికొండల ఇరుకులో దూరాలి.

రాళ్ల విషయానికొస్తే, ఇది కొలవడం తేలికనిపిస్తుంది, కాదు. "ఓ ఇరవై రాళ్లు తీసుకురండి" అంటే పిల్లలు అందమైనవీ పెద్దవీ ఏరుకొస్తారు. చేతికి తెలియకుండానే పక్షపాతం ఉంటుంది. 1954లో గోర్డన్ వోల్మన్ అనే ఆయన చెప్పిన ఉపాయం ఏమిటంటే, అడుగులో అడుగేస్తూ నడవాలి, ప్రతి అడుగుకీ కళ్లు పక్కకి తిప్పుకుని బొటనవేలి దగ్గర వేలికి మొదట తగిలిన రాయే తీయాలి, ఇలా నూరు. రాయికి పొడవూ కాదు, మందమూ కాదు, మధ్య కొలత రాయాలి. జల్లెడలో పడుతుందా లేదా అన్నది తేల్చేది అదే.

రాళ్లు కిందికి ఎందుకు చిన్నబోతాయన్న దానికి పిల్లలు రాసే జవాబు ఒకటే: ఒరుసుకుని అరుగుతాయి. సగం నిజం. ఇంకో సగం, పెద్ద రాళ్లని నీరు అంత దూరం మోయలేక పైనే వదిలేస్తుంది, చిన్నవే కిందికి చేరతాయి. అరుగుదలా ఏరివేతా రెండూ ఒకే ఫలితం ఇస్తాయి కాబట్టి పరిమాణం చూసి ఏది జరిగిందో చెప్పలేం. అంచుల గుండ్రం కూడా చూడాలి. ఏరివేత ఒక్కటే జరిగితే చిన్నరాయి చిన్నదే అవుతుంది గానీ నున్నగా అవ్వదు. మన తూర్పు కనుమల ఖోండలైటు రాయి వాతావరణానికి తొందరగా గుల్లబారుతుంది, అందులోంచి తెల్ల పలుగురాయి మాత్రం మొండిగా మిగులుతుంది. అందుకే దిగువ ఇసుక మేటల్లో అరచేతిలో పట్టే తెల్ల గులకరాళ్లు అన్ని కనిపిస్తాయి. పక్క నుంచి ఒక గెడ్డ కొత్తగా కలిసిన చోట మళ్లీ కోసు అంచుల రాళ్లు ప్రత్యక్షమవుతాయి. గ్రాఫు దిగుతూ దిగుతూ ఒక్కసారి ఎగిరితే, మ్యాపు తీసి దగ్గర్లో ఏం కలిసిందో చూడాలి.

గీత తప్పే చోట్లు ఇంకా చాలా ఉన్నాయి, నాకైతే ఫీల్డ్‌వర్క్‌లో అసలు రుచి అక్కడే. నమూనా మొత్తం ఒక్క ఊహ మీద నిలబడింది: కిందికి పోయేకొద్దీ నీరు పెరుగుతుంది. తాటిపూడి దిగువన అది చెల్లదు. జలాశయం నీటిని పట్టుకుంటుంది, ఇసుకనీ పట్టుకుంటుంది. దిగువ పాయకి పాతకాలపు వెడల్పు ఉంటుంది గానీ, దాన్ని నింపే నీరు ఉండదు. గట్టు నుంచి గట్టుకి టేపు పట్టాలా, నీటి అంచు నుంచి అంచుకా? ఏదైనా ఒకటి ముందే తేల్చుకుని అన్ని చోట్లా అదే పాటించాలి. చెక్‌డ్యాం పైన కొలిస్తే లోతు చెక్‌డ్యాముదే. ఇసుక తవ్విన గోతిలో కొలిస్తే ఆ లోతు ఏటిది కాదు, ట్రాక్టర్లది.

గోదావరి ఇంకా పెద్ద ఎత్తున ఇదే చూపిస్తుంది. పాపికొండల దగ్గర నది తూర్పు కనుమల్ని కోసుకుంటూ పోతుంది కాబట్టి దిగువకి వచ్చినా వెడల్పు పెరగదు, ఉన్నది కూడా కుంచించుకుపోతుంది. నీరు అంతే ఉంది, వెడల్పు తగ్గింది, మరి లోతో వేగమో పెరగక తప్పదు. కొండలు దాటి రాజమండ్రికి వచ్చేసరికి నది ఒళ్లు విరుచుకుంటుంది. 1900లో రైళ్లు మొదలైన హేవ్‌లాక్ వంతెనని 56 స్పాన్లతో, రెండున్నర కిలోమీటర్లకి పైగా కట్టాల్సి వచ్చిందంటే అందుకే. ఇంకాస్త దిగువన ధవళేశ్వరం. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ అక్కడ నీరు కాలువల్లోకి మళ్లుతోంది. మిగిలింది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయలో పారేది పైన రాజమండ్రి దగ్గర పారిన నీటి కన్నా తక్కువ. పాఠం ప్రకారం ఎక్కువుండాలి. డెల్టా ఈ పాఠంలో పట్టదు, పట్టించడానికి ప్రయత్నించకూడదు.

లెక్కల వైపు ఒక ముక్క. అయిదు చోట్ల కొలిచి, దూరానికీ వేగానికీ స్పియర్‌మన్ సంబంధం (రెండు వరసలు ఎంత బాగా కలుస్తున్నాయో చెప్పే సంఖ్య, పూర్తిగా కలిస్తే 1) వేసి, 0.9 వచ్చిందని పిల్లలు ఎగిరి గంతేస్తారు. అయిదే చోట్లుంటే, పెరుగుతుందో తగ్గుతుందో ముందే అనుకోకుండా చేసే పరీక్షలో నూటికి అయిదు స్థాయి దాటాలంటే, అంటే అది ఊరికే కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి అయిదు లోపే ఉండాలంటే, వరస పూర్తిగా కలవాలి, అంటే 1 రావాలి. పది చోట్లయితే 0.648 చాలు. ఇంకో గంట బస్సు ఆపుకుని మరో అయిదు చోట్లు కొలవడం, ఇంటికెళ్లి అయిదు రకాల రంగుల గ్రాఫులు గీయడం కన్నా లాభం.

ఒక ఏడాది ఒక జట్టు నోట్‌బుక్కులో నాలుగో చోటు వేగం 0.2ని కొట్టేసి 0.6 అని దిద్ది ఉంది. అడిగితే, మిగతావాటితో కలవడం లేదు సార్ అన్నారు. ఆ నాలుగో చోటుకి మళ్లీ వెళ్లాం. వంద మీటర్ల కింద ఊరివాళ్లు చేపల కోసం రాళ్లూ కొమ్మలూ అడ్డం వేసి కట్టు కట్టారు. నీరు దాని వెనక నిలబడింది. 0.2 అచ్చంగా సరైన కొలత.

చివరి చోటు భీమిలి. మొగకి కాస్త పైన టేపు పట్టడం కుదరదు, పడవవాళ్లని బతిమాలి వంగి బత్తాయి వదిలాం. అందరూ కింది వైపు నిలబడి ఎదురు చూస్తున్నారు. అది కాసేపు ఉన్నచోటే ఊగి, మెల్లగా బొర్రా వైపు బయల్దేరింది. పోటు మీదుంది సముద్రం. వాచీ పట్టుకున్న అమ్మాయి నా వైపు చూసింది, ఏం రాయమంటారు అన్నట్టు. మైనస్ గుర్తు పెట్టి పక్కన టైము రాయమన్నాను: సాయంత్రం నాలుగూ పది.